మేనేజరు అడిగింది

"ఆయన అన్నది ఇది కాదండీ."

ఆవిరమ్మ ఆ మాట మూడోసారి అంది. మొదటిసారి ఎవరూ పట్టించుకోలేదు. రెండోసారి మేనేజరు తమ్ముడి భార్య, మరదలు, నవ్వేసింది. మూడోసారికి మేనేజరు అక్క చేతిలో కత్తెర ఆగిపోయింది.

కుట్టుమిషను బల్ల మీద రెండువందల కరపత్రాలు కట్టలు కట్టి ఉన్నాయి. సాయంత్రం నాలుగింటికి చర్చిలో జ్ఞాపక కూడిక. ఇప్పుడు పదకొండు. ప్రతి కరపత్రం మీదా మేనేజరు ఫొటో ఉంది. టై కట్టుకుని, కళ్ళు మూసుకుపోయేంతగా నవ్వుతున్న ఫొటో. దాని కింద, పోయేముందు చర్చిలో లేచి ఆయన చెప్పిన చివరి సాక్ష్యం.

'దేవుడు నాకు మంచి పని ఇచ్చాడు. మంచి ఇల్లు ఇచ్చాడు. మంచి సంఘాన్ని ఇచ్చాడు. నాకు ఇంకేమీ అక్కర్లేదు.'

ఆవిరమ్మ వేలు ఆఖరి వాక్యం మీద ఉంది.

"ముఖ్యంగా ఇది. ఇంకేమీ అక్కర్లేదని ఆయన అనలేదు."

"నువ్వు ఆ రోజు అక్కడున్నావా?" అంది మరదలు.

"లేను."

"పోనీ మా చర్చికి ఎప్పుడైనా వచ్చావా?"

"రాలేదు."

"మరి? ఒకే ఇంట్లో ఇన్నేళ్ళున్న మాకే ఆయన మాట సగం అర్థమయ్యేది కాదు. మా వదిన చెబితేనే తెలిసేది. నీకెలా తెలిసింది తల్లీ, కల్లోకొచ్చి చెప్పాడా?"

ఆవిరమ్మ తల దించుకుంది. ఆస్పత్రి లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ దగ్గర పనిచేస్తుంది. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. ఆ పేరు పెట్టింది మేనేజరే. ఆయన లాకరులో మిగిలిపోయిన ఏప్రానూ, దువ్వెనా సంచిలో వేసుకుని, ఇవ్వడానికని వచ్చింది. వచ్చినందుకు చేతిలో కరపత్రం పెట్టారు. అక్కడ మొదలైంది.

మేనేజరు పోయి పన్నెండు రోజులైంది. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు. "పదేళ్ళు బతికితే గొప్ప" అన్నాడు అప్పటి డాక్టరు. బతికింది నలభై ఆరేళ్ళు. ఆ డాక్టరే ముసలితనంలో అదే ఆస్పత్రిలో చేరితే, ఆయన తలకింద దిండు గలీబు మేనేజరు మడత పెట్టిందే.

లాండ్రీలో చేరిన మొదటిరోజే టై కట్టుకుని వెళ్ళాడు, ఆ రోజు నుంచి అందరికీ మేనేజరే. తన గలీబులు మడత పెట్టుకోవడమే కాదు, పక్కవాళ్ళ దుప్పట్లు కూడా తనిఖీ చేసి, బాగుంటే భుజం తట్టేవాడు. అసలు మేనేజరు కంటే ఈయనకే ఎక్కువమంది నమస్కారం పెట్టేవారు. ఆదివారం చర్చి తలుపు దగ్గర అదే టై. ఆయనకి చెయ్యి కలపకుండా లోపలికి వెళ్ళినవాడు లేడు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకి రెండుసార్లు.

మాట మాత్రం ముద్దగా వచ్చేది. నెల ఆఖరి ఆదివారం సాక్ష్యాలప్పుడు ఆయన లేచి చెప్పేవాడు. పక్కన అక్క నిలబడి, అందరికీ అర్థమయ్యేలా చెప్పేది. పద్దెనిమిదేళ్ళుగా ఆ సంఘం మేనేజరు మాట విన్నది అక్క గొంతులోనే.

"పాపా" అంది ఆవిరమ్మ, మరదలి కూతురితో. "నీ ఫోనులో ఆ రోజు సాక్ష్యం వీడియో ఉందన్నావు కదా. ఒక్కసారి చూపిస్తావా?"

అమ్మాయి అత్త వైపు చూసింది. అక్క వద్దనలేదు. ఔననీ అనలేదు.

వీడియో మొదలైంది. మేనేజరు గొంతు గదిలోకి వచ్చింది. మరదలు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సౌండు తీసెయ్యి" అంది ఆవిరమ్మ.

"సౌండు తీసేస్తే ఏం వింటారండీ?"

"వినను. చూస్తాను."

అప్పుడు చెప్పింది ఆవిరమ్మ. లాండ్రీలో పద్నాలుగు మిషన్లు ఒకేసారి తిరుగుతాయి. పక్కవాడు అరిచినా వినబడదు. అందుకని అక్కడ ఎవరూ గొంతు వాడరు. పెదాలు కదుపుతారు, చేతులు తిప్పుతారు, అంతే. కొత్తగా చేరినవాళ్ళు ఆర్నెల్లు తికమకపడతారు. మేనేజరుకి వారం చాలింది.

"అక్కడ గొంతుతో పనిలేదు కదండీ. ఆయన మాట మా అందరి మాటంత తేటగా ఉండేది. పంతొమ్మిదేళ్ళు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకున్నాం."

అక్క కుర్చీలోంచి సగం లేచి మళ్ళీ కూర్చుంది.

ఇన్నేళ్ళలో ఆమెకి ఒక్కసారి కూడా తట్టని సంగతి అది. తమ్ముడు రోజుకి ఎనిమిది గంటలు ఎవరితో మాట్లాడుతున్నాడు?

తెర మీద మేనేజరు పెదాలు కదులుతున్నాయి. ఆవిరమ్మ ఒక్కొక్క ముక్కే పైకి అంది.

"నాకు నీళ్ళు కావాలి. తొట్టిలో... తమ్ముడు దిగాడు. పాప దిగింది. నేను దిగలేదు."

అమ్మాయి ఫోను కిందికి దించబోయింది. ఆవిరమ్మ ఆమె మణికట్టు పట్టుకుని ఫోను నిలబెట్టింది.

"నేను యేసుని నమ్ముతున్నాను. నా నోటితో చెబుతున్నాను. నాకు బాప్తిస్మం ఇవ్వండి... అక్కకి భయం. అక్క మీకు వేరే చెబుతుంది. అక్కని తిట్టకండి."

కంగారులో అమ్మాయి వేలు ఎక్కడో తగిలి సౌండు వచ్చేసింది. ఇప్పుడు వినబడుతున్నది అక్క గొంతు. "మా తమ్ముడు ఏమంటున్నాడంటే, దేవుడు నాకు మంచి పని ఇచ్చాడు, మంచి ఇల్లు ఇచ్చాడు..."

చర్చి అంతా చప్పట్లు. తెర మీద మేనేజరు అక్క ముఖంలోకి చూశాడు. రెండు క్షణాలు. తర్వాత పెద్దగా నవ్వి, తనూ చప్పట్లు కొట్టాడు.

"ఇదేంటక్కా?"

గుమ్మంలో డ్రైవరు నిలబడి ఉన్నాడు. అక్కకి చిన్నతమ్ముడు. సిటీ బస్సు నడుపుతాడు. అన్న పోయినప్పటి నుంచి సెలవులో ఉన్నాడు కానీ ఇంట్లో ఉండడం లేదు. రోజూ ఆస్పత్రికి వెళ్ళి ఒకటే ప్రశ్న అడుగుతున్నాడు. శుక్రవారం పొద్దున అన్నని తనే బస్సెక్కించాడు, రాయిలా ఉన్నాడు. శనివారం నూట మూడు జ్వరం. మధ్యలో ఏమైంది? ఇవాళ కూడా అన్న ఆస్పత్రి ఫైలు చంకలో పెట్టుకునే వచ్చాడు.

"ఇదేంటని అడుగుతున్నాను."

"అంతా అబద్ధం" అంది అక్క. "ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి ఏదో అంటే..."

"ముక్కూ మొహం తెలియని మనిషికి, నేను తొట్టిలో దిగానని ఎలా తెలుసు? పాప దిగిందని ఎలా తెలుసు?"

అక్క కత్తెర బల్ల మీద పెట్టింది. మళ్ళీ తీసింది. దేనికి తీసిందో ఆమెకే తెలియనట్టు చూసింది.

"ఎన్నిసార్లు అడిగాడు?"

అక్క కరపత్రాల కట్ట ఒకటి సర్దింది.

"అక్కా, ఎన్నిసార్లు?"

"ప్రతి నెలా."

"ఎప్పట్నించి?"

"నువ్వు తీసుకున్న ఏడాది నించి."

మరదలు వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి మానేసింది. "పద్దెనిమిదేళ్ళా! వదినా, ప్రతి నెలా నిలబడి కడిగిన ముత్యంలా అబద్ధం చెప్పావా? అదీ చర్చిలో? నేను పక్కింటావిడతో చిన్న బొంకు బొంకితే వారం రోజులు క్లాసు పీకావు కదమ్మా!"

"నువ్వు నోర్మూసుకో" అన్నాడు డ్రైవరు.

"ఈ ఇంట్లో నోళ్ళు మూయించడం బాగా అలవాటే" అంది మరదలు. అన్నాక తనే నాలుక కరుచుకుంది.

అక్క నెమ్మదిగా మొదలుపెట్టింది. "వాడి గుండెకి చిల్లుంది. చన్నీళ్ళు తగలనివ్వనని అమ్మకి మాటిచ్చాను. మీకూ తెలుసు."

"వేణ్ణీళ్ళు పోయించలేకపోయావా తొట్టిలో? నేనే మోసుకొచ్చి పోసేవాణ్ణి!"

"అదొక్కటే కాదురా. ముందు సంఘపెద్దలు కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. నోటితో ఒప్పుకోవాలి. వాడు చెప్పలేకపోతే? ఎవరైనా నవ్వితే? వీడు చిన్నపిల్లాడితో సమానం, వీడికక్కర్లేదు అని పంపేస్తే? ఆ తర్వాత ఆదివారం వాడు తలుపు దగ్గర ఎలా నిలబడతాడు?"

"చెప్పలేకపోవడమేంటి? నువ్వు పక్కనుంటావు కదా!"

"అదే కదా..." అంది అక్క. ఆ మాట ఎక్కడికి పోతోందో తెలియక మధ్యలో వదిలేసింది. తనలో తను అనుకున్నట్టు, "వాడి మాట నాకొక్కదానికే తెలుసని అందరూ అనేవారు. అలా అన్నప్పుడల్లా నాకు..."

పూర్తి చెయ్యలేదు. ఎవరూ చెయ్యమనలేదు.

ఆమె చెప్పిన ప్రతి కారణమూ నిజమే. వాటిలో అసలు కారణం ఏది? గుండెలో చిల్లా, పెద్దల ప్రశ్నలా, ఆ మూడోదా? పద్దెనిమిదేళ్ళలో ఒక్కరోజు కూడా అక్క తనని తను ఆ ప్రశ్న వేసుకోలేదు. ఇప్పుడు వేసుకుంటే జవాబు రావడం లేదు.

అన్నిటికంటే అంతుపట్టనిది వేరే ఉంది. వాడికి చెవులు బాగానే పనిచేసేవి. తన మాటని అక్క మార్చి చెబుతుంటే ప్రతిసారీ పక్కనే నిలబడి విన్నాడు. విని నవ్వాడు. చప్పట్లు కొట్టాడు.

ఎందుకు?

పాస్టరు గారు పన్నెండున్నరకి వచ్చారు. అమ్మాయి ఫోన్ చేసిందని తెలిసి మరదలు కూతురి వైపు గుడ్లురిమింది. పాస్టరు గారు కుర్రాయన. ఆ చర్చికి వచ్చి నాలుగేళ్ళే. వీడియో రెండుసార్లు చూశారు, ఒకసారి సౌండుతో, ఒకసారి లేకుండా. ఆ తర్వాత కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"అన్నయ్య మిమ్మల్ని అడిగుంటే ఇచ్చేవారా?" డ్రైవరు అడిగాడు.

"ఏమో."

"ఏమో ఏంటండీ!"

"నాకు తెలియదు. ఇచ్చేవాణ్ణనే చెప్పాలనుంది. కానీ నాలుగేళ్ళు ప్రతి ఆదివారం ఆయన చెయ్యి పట్టుకుని లోపలికొచ్చాను. ఈయనకి బాప్తిస్మం అయిందా అని ఒక్కసారి కూడా నాకు అనుమానం రాలేదు. ఎందుకు రాలేదో నాకే తెలియడం లేదు. అబద్ధం చెప్పమంటారా? ఈ ఇంట్లో ఇప్పటికే..."

ఆగిపోయారు. మరదలు గబగబా మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు డ్రైవరు.

"రెండే దారులు. వీడియో వెయ్యం, కరపత్రాలు పంచం, పాటలు పాడి ప్రార్థన చేసి పంపేద్దాం. లేదంటే వీడియో వేద్దాం. అక్కగారు ఎప్పట్లాగే పక్కన నిలబడి, ఆయన ఏమన్నాడో అది చెబుతారు."

"వద్దు" డ్రైవరు వెంటనే అన్నాడు. "తోడబుట్టినవాడి నోరు నొక్కిందంటారు. అన్నయ్యని పెంచడానికి పెళ్ళి కూడా మానుకున్న మనిషిని ముసలితనంలో నలుగురిలో నిలబెట్టి కొట్టించమంటారా? నేనొప్పుకోను."

"ఇందాక నువ్వే కదా అరిచావు నాన్నా?" అంది అమ్మాయి.

"నేనరుస్తాను. నా అక్క. వాళ్ళెవరు?"

"పెదనాన్న మాట పెదనాన్నది. మనది కాదు దాచుకోడానికి."

"పెద్దదానివయ్యావులే."

అక్క లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపు చూసి, ఆవిరమ్మ ఆమె వెనకాలే వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో ముందుగదిలో ఎవరికీ అర్థం కాలేదు.

వంటింట్లో అక్క గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"ఇంకేం మిగిలింది చెప్పడానికి?" అంది.

"ఒకటుందండీ. అసలు అది చెప్పడానికే వచ్చాను. సంచి ఇవ్వడానికి కాదు."

"చెప్పు."

ఆవిరమ్మ తలుపు దగ్గరగా వేసింది. లాండ్రీ అలవాటు కొద్దీ గొంతు లేకుండానే పెదాలు కదిపింది. దగ్గి, మళ్ళీ మొదలుపెట్టింది.

"ఏడాది నించి నన్ను అడుగుతున్నాడండీ. అక్క చెప్పదు, పాస్టరుకి అర్థం కాదు, నువ్వు చెయ్యి అని. నాకేం తెలుసు? నేను ఏ ప్రార్థనకీ వెళ్ళే మనిషిని కాను. మీ వాళ్ళనే అడగమని పోరుపెట్టాను. ఆయన వింటేగా. రోజూ భోజనాల దగ్గర అదే మాట. ఆఖరికి ఒకరోజు మిషన్లు రిపేరుకి ఆపేశారు. అందరూ బయటికెళ్ళారు. కంబళ్ళు నానబెట్టే తొట్టి ఉంటుంది మాకు, ఛాతీ దాకా నీళ్ళు. చూస్తే టై విప్పి మడత పెట్టి పక్కన పెట్టాడు. చెప్పులు విప్పి జతగా పెట్టాడు. రా అన్నాడు."

అక్క చెయ్యి గోడ మీద జారింది.

"నేనేమనాలో ఆయనే నేర్పాడు. ఆయన పెదాలు చూసి నేనన్నాను. తండ్రి పేరా అన్నాను, కొడుకు పేరా అన్నాను... మూడోది మర్చిపోతే మళ్ళీ చెప్పాడు. తల వెనక చెయ్యి పెట్టి ముంచాను."

"లేచాక ఏమన్నాడు?"

"ఇంకోసారి అన్నాడు."

అక్క నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. నవ్వో ఏడుపో ఆవిరమ్మకి తెలియలేదు. అక్కకీ తెలియలేదు.

"ఒకసారే అని నేను అంటే, మా వాళ్ళ కోసం ఒకటి అన్నాడు. ముంచాను. వెంటనే బయటికి లాగి, డ్రయ్యరులోంచి వేడి దుప్పట్లు తీసి నాలుగు చుట్టానండీ. తల తుడిచాను. వేరే చొక్కా తొడిగాను. ఆ రోజంతా పని చెయ్యలేదు. కనబడిన ప్రతివాడికీ చెయ్యి కలుపుతూ తిరిగాడు."

"ఏ రోజు?"

ఆవిరమ్మ నేల చూసింది.

"శుక్రవారం."

బయట గదిలో డ్రైవరు పాస్టరు గారికి ఫైలు చూపిస్తున్నాడు. ఆ మాటలు తలుపు సందులోంచి వినబడుతున్నాయి. శుక్రవారం బాగానే ఉన్నాడండీ. శనివారానికి నూట మూడు. మధ్యలో ఏదో జరిగింది. ఎవరో ఏదో చేశారు. వాళ్ళు దొరకాలి నాకు, అంతే.

"నేనే చంపానాండీ?" అంది ఆవిరమ్మ.

అక్కకి ఆ సాయంత్రం గుర్తుకొచ్చింది. తలెందుకు తడిగా ఉందిరా అని అడిగింది. వాడు నవ్వి ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. చెమటేమో అనుకుంది. అన్నం తింటూ పాట పాడాడు. పడుకునే దాకా పాడుతూనే ఉన్నాడు. అంత సంతోషంగా వాణ్ణి ఎప్పుడు చూసిందో ఆమెకి గుర్తులేదు.

డాక్టరు మాత్రం, ఊళ్ళో ఈ జ్వరం చాలామందికి వస్తోంది, అన్నాడు. వాడి ఊపిరితిత్తులూ గుండే తట్టుకోలేవన్నాడు. నీళ్ళవల్లేనా? కాకపోవచ్చు. అవ్వచ్చు. తను పద్దెనిమిదేళ్ళు భయపడింది నిజమైనందుకు కోపం రావాలి. ఆ ఒక్క పనీ తను చెయ్యనందువల్లే ఈవిడ చెయ్యాల్సి వచ్చింది కాబట్టి సిగ్గు రావాలి. వాడికి కావలసింది వాడికి దొరికింది కాబట్టి సంతోషం రావాలి. మూడూ ఒకేసారి వచ్చాయి.

"ఈ సంగతి ఎవరికీ చెప్పకు" అంది అక్క. "మా చిన్నవాడికి అసలు చెప్పకు. వాడు మనిషి మంచివాడే. ఇప్పుడు మాత్రం కాదు. వీడియో సంగతి నేను చూసుకుంటాను. నేను దాచింది నేను చెబుతాను. నీది నాకొదిలెయ్యి."

అన్నాక తనకే అనుమానం వచ్చింది. మళ్ళీ అదే పని చేస్తున్నానా?

నాలుగింటికి చర్చి నిండిపోయింది. తలుపు దగ్గర అందరూ ఒక్క క్షణం ఆగారు. చెయ్యి చాచే మనిషి లేడు. ముందుకొచ్చిన చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక కొందరు జేబుల్లో పెట్టుకున్నారు, కొందరు తలుపు చెక్కని తాకి లోపలికి వెళ్ళారు. లాండ్రీ వాళ్ళు ఎక్కడ కూర్చోవాలో తెలియక వెనక గోడ వెంట వరసగా నిలబడ్డారు.

కరపత్రాలు పంచలేదు.

పాట అయింది. ప్రార్థన అయింది. తెర మీద మేనేజరు నవ్వాడు. చర్చి అంతా నిట్టూర్చింది. అక్క మైకు పట్టుకుని, ఎప్పుడూ నిలబడే చోటే, తెరకి ఎడమపక్క నిలబడింది. ముందు వరసలో డ్రైవరు తల వంచుకుని కూర్చున్నాడు. ఒప్పుకోలేదు, ఆపనూ లేదు.

"మా తమ్ముడు ఏమంటున్నాడంటే..."

అలవాటైన మాట. అక్కడి నుంచి నోరు తనంతట తనే పాత దారిలోకి వెళ్ళబోయింది. అక్క దాన్ని బలవంతాన ఆపింది.

"నాకు బాప్తిస్మం ఇవ్వండి అంటున్నాడు. పద్దెనిమిదేళ్ళుగా ప్రతి నెలా ఇదే అడిగాడు. నేనే మీకు వేరే చెప్పాను. అక్కని తిట్టకండి అని కూడా అంటున్నాడు. అది మాత్రం మీ ఇష్టం."

ఒక రాయి పడుతుందని అక్క కాచుకుని నిలబడింది.

సంఘపెద్ద లేచాడు. రిటైరైన లెక్కల మాస్టారు. చేతికర్ర మీద ఆనుకుని నిలబడడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

"నా దగ్గరికి కూడా వచ్చాడమ్మా" అన్నాడు. "ఇంటికి. మూడుసార్లు. చేతులతో చూపించాడు, మునిగి లేచినట్టు. ఎవరికైనా అర్థమవుతుంది. నాకూ అర్థమైంది. అర్థం కానట్టు ఊరుకున్నాను. బిస్కెట్లు పెట్టి పంపాను."

అక్క ఆయన వైపు అయోమయంగా చూసింది.

పాటలు పాడే ఆడమనిషి ఒకావిడ లేచింది. "నన్నూ అడిగాడు." మరో మూల నుంచి ఒకాయన లేచాడు. ఏమీ అనలేదు. నిలబడ్డాడంతే. ఇంకొకరు. తర్వాత ఇంకో ఇద్దరు. వీళ్ళంతా తన పక్షాన లేస్తున్నారో, తన మీదకి లేస్తున్నారో అక్కకి తెలియలేదు. ఇంతమందికి తెలుసా? తెలిసే ప్రతి నెలా తను చెప్పినదానికి చప్పట్లు కొట్టారా?

"అడిగి అడిగి, పొందకుండానే పోయాడు" మాస్టారు గొంతు పగిలింది. "ఆ పాపం ఆ అమ్మ ఒక్కర్తిదీ కాదు."

చర్చిలో ఏడుపులు మొదలయ్యాయి. ఒకరిని చూసి ఒకరు. వెనక గోడ దగ్గర, బళ్ళో పిల్లలా ఒక చెయ్యి పైకి లేచింది. కాలిన మచ్చలున్న చెయ్యి.

అక్క వద్దన్నట్టు తల ఊపింది. ఆవిరమ్మ చూడలేదు. చూసినా ఆగేలా లేదు.

"పొందకుండా పోలేదండీ."

తలలన్నీ వెనక్కి తిరిగాయి.

"మీరలా ఏడవకండి. ఆయన తీసుకున్నాడు. మా లాండ్రీ తొట్టిలో. నేనే ఇచ్చాను. చెల్లుతుందో లేదో నాకు తెలియదు."

పాస్టరు గారు వేదిక మెట్టు ఒకటి దిగి ఆగిపోయారు. ఆయనకి కూడా తెలియదని ముఖమే చెబుతోంది. ఎవరో "అయ్యో" అన్నారు. ఎవరో నవ్వారు. నవ్వినవాళ్ళే ఏడ్చారు.

డ్రైవరు లేచి నిలబడ్డాడు.

అతను వెనక్కి తిరిగాడు. పన్నెండు రోజుల్లో మొదటిసారి ఆ ముఖం విచ్చుకుంది. చిన్నప్పుడు అన్న భుజాల మీదెక్కి ఊరేగినప్పటి ముఖం.

"నిజంగానా?" అన్నాడు. "తీసుకున్నాడా మా అన్నయ్య? నువ్వు చల్లగుండాలమ్మా! ఎప్పుడు?"

ఆవిరమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. ఆమె అక్క వైపు చూసింది.

ఆమె ఎటు చూస్తోందోనని డ్రైవరు కూడా చూశాడు. తర్వాత మాస్టారు, పాస్టరు గారు, అమ్మాయి. చర్చి మొత్తం, ఎన్నో ఏళ్ళ అలవాటు కొద్దీ, ఆ చెప్పలేని మనిషి మాటకి అర్థం చెప్పమని అక్క వైపు తిరిగింది.

పోయిన ఏడాది అంటే చాలు. ఒక్క మాట. ఎవరికీ నొప్పి ఉండదు. పద్దెనిమిదేళ్ళు ఆమె చేసిన పనే అది, ఆమె కంటే బాగా చెయ్యగలిగినవాళ్ళు లేరు. శుక్రవారం అంటే తమ్ముడి ముఖంలో ఆ వెలుగు ఏమవుతుందో, ఆ వెనక నిలబడ్డ మనిషి ఏమవుతుందో ఎవరు చెప్పగలరు?

"చెప్పక్కా" అన్నాడు డ్రైవరు, నవ్వుతూనే. "నీకు తెలుసు కదా. ఎప్పుడు?"

అక్క మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది. తన నోట్లోంచి రాబోయేది ఏ మాటో ఆమెకే తెలియదు.